టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లకు ల్యాప్‌టాప్: విశాఖ ద్వారకానగర్ షాపు నుంచి క్లాస్‌రూమ్ దాకా

నేను పనిచేసే హైస్కూలుకి ఏటా నలుగురైదుగురు బీఎడ్ ట్రైనీలు ఇంటర్న్‌షిప్‌కి వస్తుంటారు. ఆమధ్య వచ్చినవాళ్లలో ఒకబ్బాయి గేమింగ్ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. కీబోర్డు కింద ఎర్రలైట్లు, ఇటుకంత చార్జరు. తొమ్మిదో తరగతికి కణ నిర్మాణం చెబుతుండగా కరెంటు పోయింది. ప్రొజెక్టర్ ఎలాగూ ఆగిపోయింది, పోనీ స్క్రీనైనా పిల్లల వైపు తిప్పి చూపిద్దామంటే చార్జరు ఊడిన పావుగంటకి అదీ నల్లబడింది. అదే బ్యాచ్‌లో ఒకమ్మాయి దగ్గర అంచులు అరిగిపోయిన సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఉండేది. కరెంటు పోతే దాన్ని ముందు బెంచీ మీద పెట్టి, పిల్లల్ని పదిమంది చొప్పున పిలిచి చూపించేది. పాఠం ఆగేది కాదు.

అబ్బాయి ఖర్చు పెట్టింది అమ్మాయి పెట్టినదానికి నాలుగు రెట్లు. తప్పు ఎక్కడ జరిగిందంటే, అతను షాపులో మొదలుపెట్టి ముందుకి ఆలోచించాడు. మీరు క్లాసులో నిలబడే రోజు నుంచి మొదలుపెట్టి వెనక్కి ఆలోచించండి. ఈ వ్యాసం అలాగే రాశాను. బీఎడ్ వాళ్లకైనా, భీమిలిలోని జిల్లా టీచర్ శిక్షణ సంస్థ డైట్‌లోనో మరో చోటో డీఎల్‌ఎడ్ (ప్రాథమిక తరగతుల టీచర్ కోర్సు) చేస్తున్నవాళ్లకైనా ఇందులో ముప్పాతిక వంతు పనికొస్తుంది.

1. కొనే ముందు కాలేజీలో కనుక్కోండి

సీనియర్లను పట్టుకుని మూడు సంగతులు అడగండి. మొదటిది, రికార్డులు చేత్తో రాయాలా, టైపు చేసినా ఒప్పుకుంటారా? చాలా కాలేజీల్లో లెసన్ ప్లాన్లు, అబ్జర్వేషన్ రికార్డు ఇప్పటికీ చేతిరాతే. అలాంటి చోట మొదటి సెమిస్టర్‌లో ల్యాప్‌టాప్ లేకపోయినా నష్టం లేదు. రెండోది, ఐసీటీ (బోధనలో కంప్యూటర్ వాడకం) పేపర్‌కి ఏం చేయించుకుంటారు? పీపీటీలు, వీడియో పాఠం, ఎక్సెల్‌లో మార్కుల విశ్లేషణ, ఇవి మామూలుగా ఉంటాయి. మూడోది అన్నిటికంటే ముఖ్యం: ఇంటర్న్‌షిప్ ఎప్పుడు, ఏ స్కూళ్లకు పంపుతారు?

టీచర్ కోర్సుల జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014లో తెచ్చిన నిబంధనలతో బీఎడ్ రెండేళ్లయింది. స్కూల్లో గడపాల్సింది మొత్తం 20 వారాలు, అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. అసలు వాడకం ఆ పదహారు వారాల్లో. కాబట్టి మొదటి నెలలోనే పరుగెత్తి కొనక్కర్లేదు. అలాగని ఇంటర్న్‌షిప్ రేపనగా కొంటే తెలుగు టైపింగే పెద్ద టెన్షన్ అవుతుంది. రెండు మూడు నెలల ముందు కొంటే చెయ్యి అలవాటవుతుంది.

డీటీపీ షాపు లెక్క కూడా ఒకసారి వేసుకోండి. రెండేళ్లలో టైపింగు, ప్రింటు, కలర్ చార్టులు, ఆఖరి నిమిషం మార్పులకు మళ్లీ డబ్బులు కలిపితే మీ సీనియర్‌కి ఎంతయిందో కనుక్కోండి. ఆ అంకె చూశాకే మా చెల్లెలు ల్యాప్‌టాప్‌కి ఒప్పుకుంది.

ఇంకొకటి. టీచర్ అర్హత పరీక్ష టెట్, ఉద్యోగ నియామక పరీక్ష డీఎస్సీ ఇప్పుడు కంప్యూటర్ మీదే రాయాలి. 16,347 పోస్టుల 2025 మెగా డీఎస్సీ అలాగే జరిగింది. రెండున్నర గంటలు కళ్లు స్క్రీన్ మీద పెట్టి, మౌస్‌తో జవాబు ఎంచుకుంటూ, వెనక్కి వెళ్లి సరిచూసుకోవడం ఫోన్‌లో మాక్ టెస్టులు రాస్తే అలవడదు.

2. మీ మెథడ్‌కి ఏం కావాలి

మెథడ్ అంటే మీరు బోధించడానికి ఎంచుకున్న సబ్జెక్టు. మ్యాథ్స్ మెథడ్ వాళ్లకి బొమ్మలు గీసి కదిలించే ఉచిత సాఫ్ట్‌వేర్ జియోజీబ్రా ఒక్కటి చాలు, బోర్డు మీద అరగంట పట్టే సర్వసమానత్వం రెండు నిమిషాల్లో చూపించొచ్చు. ఫిజికల్ సైన్స్ వాళ్లకి అమెరికాలోని కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చే ఫెట్ సిమ్యులేషన్లు ఉన్నాయి. కొన్నిటికి తెలుగు రూపం ఉంది. వాటిలో హెచ్‌టీఎంఎల్5 రకం ఫైళ్లను దింపుకుంటే నెట్ లేకుండా బ్రౌజర్‌లో నడుస్తాయి. సోషల్ వాళ్లకి ఇస్రో వారి మ్యాపుల సైటు భువన్, గూగుల్ ఎర్త్. పైవేవీ బరువైన మెషీన్ అడగవు. తెలుగు, హిందీ మెథడ్ వాళ్లకి అసలు సాఫ్ట్‌వేర్ కీబోర్డే, దాని సంగతి తర్వాత వివరంగా చెబుతాను.

చూపు లేని ట్రైనీలు, స్పెషల్ బీఎడ్ వాళ్లు ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ని షాపులోనే వేయించి, తెలుగు చదివించి చూసుకోవాలి. అది విండోస్ మీద నడుస్తుంది, అందుకని విండోస్ లేని క్రోమ్‌బుక్ కొనేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

అంటే ఎవరికీ గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. షాపతను "ఫ్యూచర్‌కి పనికొస్తుంది మేడం" అంటాడు, నవ్వి ఊరుకోండి.

3. అంకెలు చదవడం

ప్రాసెసర్. కొత్తది కొంటే ఇంటెల్ ఐ3లో 1215యూ, 1315యూ లాంటివి మన పనికి నిండుగా సరిపోతాయి. ఐ5 ఉంటే మంచిదే, లేకపోతే లోటు లేదు. సెలెరాన్ ఎన్4020, 4 జీబీ ర్యామ్ ఉన్నవి ఆన్‌లైన్ సేల్‌లో చౌకగా ఊరిస్తుంటాయి. వర్డ్, బ్రౌజర్, ఒక వీడియో కలిపి తెరిస్తే నత్తనడకే. వద్దు.

ఏఎండీ రైజన్‌లో ఒక మెలిక ఉంది. 2023 నుంచి వచ్చిన నాలుగంకెల పేర్లలో మూడో అంకె చూడాలి, లోపలి డిజైన్ ఏ తరానిదో అదే చెబుతుంది. రైజన్ 5 7520యూలో మూడో అంకె 2, అంటే పాత జెన్ 2, కోర్లు (లెక్కలు చేసే భాగాలు) నాలుగే. రైజన్ 5 7530యూలో మూడో అంకె 3, అంటే జెన్ 3, కోర్లు ఆరు. డబ్బా మీద రెండిటికీ ఒకే "రైజన్ 5" స్టిక్కర్. 7520యూ మన పనికి చాలదని కాదు, రెండోదాని ధర పెట్టి మొదటిది ఇంటికి తెచ్చుకోకండి.

ర్యామ్ 8 జీబీ తప్పనిసరి, 16 అయితే నాలుగైదేళ్లు చూసుకోనక్కర్లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అందువల్ల పాత ఏడాది వీడియోల్లో చెప్పిన రేట్లు పట్టుకుని షాపుకెళ్తే నిరాశపడతారు. 8 దగ్గర ఆగాల్సి వస్తే, తర్వాత పెంచుకునే వీలుందో లేదో అడగండి. సన్నటి మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, ఇక జన్మలో పెరగదు. పైన చెప్పిన 7520యూ ఉన్నవన్నీ ఈ కోవలోవే.

స్టోరేజీకి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. పాత హార్డ్ డిస్కుతో విండోస్ 11 తెరుచుకునే లోపు పీరియడ్ బెల్లు కొట్టేస్తారు. "64 జీబీ ఈఎంఎంసీ" అని రాసి ఉంటే అది ఫోన్‌లో వాడే రకం మెమరీ, అప్‌డేట్లకే నిండిపోతుంది.

బ్యాటరీ గురించి షాపులో "ఎనిమిది గంటలొస్తుంది" అని చెప్పేది వినకండి. స్పెసిఫికేషన్‌లో వాట్ అవర్ అని ఒక అంకె ఉంటుంది, దాన్ని ల్యాప్‌టాప్ లాగే వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. టైపింగు, బ్రౌజింగు చేసేటప్పుడు మామూలు ల్యాప్‌టాప్ సుమారు 8 వాట్లు లాగుతుందనుకుంటే, 42 వాట్ అవర్ బ్యాటరీ ఐదు గంటల పైచిలుకు వస్తుంది. వెలుగు పూర్తిగా పెంచి వీడియో నడిపితే 12 వాట్లు అనుకోండి, మూడున్నర గంటలు. కొత్తలో ఇది. రెండేళ్లకి కొంత తరిగిపోతుంది. నా లెక్కలో 42కి తగ్గితే వద్దు, 50 దాటితే మేలు. ఎక్కువ వాట్లు లాగే గేమింగ్ మెషీన్లు పెద్ద బ్యాటరీ ఉండి కూడా ఎందుకు చతికిలబడతాయో ఈ భాగహారంతోనే అర్థమవుతుంది.

టైప్-సీ పోర్టు ద్వారా చార్జ్ అయ్యే మోడల్ దొరికితే వదలకండి. చార్జరు మర్చిపోయిన రోజు స్టాఫ్‌రూమ్‌లో ఎవరి దగ్గరో 65 వాట్ల చార్జరు దొరుకుతుంది.

స్క్రీన్ ఐపీఎస్, ఫుల్ హెచ్‌డీ. పాత టీఎన్ రకం స్క్రీన్‌ని పక్కనుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. మీకొక్కరికే అయితే సర్దుకోవచ్చు, చుట్టూ పదిమంది పిల్లలు నిలబడితే ఇద్దరికే కనిపిస్తుంది.

బరువు. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా ఆర్టీసీ బస్సులో నిలబడి వచ్చేవాళ్లకి చెప్పక్కర్లేదు. రికార్డులు, చార్టులు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసాతో పాటు ఇది. 14 అంగుళాలది, కిలోన్నర లోపుది చూడండి. 15.6 అంగుళాలది పక్కన నంబర్ ప్యాడ్ ఉండటం వల్ల మార్కుల ఎంట్రీకి హాయి, కానీ ఆ హాయి నెలకోసారి, మోత రోజూ.

పోర్టుల్లో పూర్తి సైజు హెచ్‌డీఎంఐ ఒకటి, మామూలు యూఎస్‌బీ రెండు. పాత ప్రొజెక్టర్లకు నీలిరంగు వీజీఏ తీగే దిక్కు. అందుకు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కొనుక్కోండి. అడిగేటప్పుడు దిశ స్పష్టంగా చెప్పండి: ల్యాప్‌టాప్ వైపు హెచ్‌డీఎంఐ, ప్రొజెక్టర్ వైపు వీజీఏ. తిరగేసిన రకం కూడా అమ్ముతారు, చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి, ఒకదాని పని ఇంకోటి చెయ్యదు.

మ్యాక్‌బుక్ ఎయిర్ బ్యాటరీ విషయంలో రాజా, కానీ ఆ డబ్బుతో ఇద్దరు ట్రైనీలు ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చు, పైగా హెచ్‌డీఎంఐ ఉండదు.

4. కొత్తదా, వాడినదా

పాతిక వేల లోపే బడ్జెట్ అంటే చౌకరకం కొత్తదాని కంటే, కంపెనీల్లో వాడి తీసేసిన థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వరస ల్యాప్‌టాప్‌లకే నా ఓటు. కీబోర్డు గట్టిది, చాలా మోడళ్లలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. మొదట్లో చెప్పిన అమ్మాయిది ఆ రకమే.

కానీ గీత ఒకటి గీసుకోవాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా వెయ్యాలంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచి పైన, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఐ7 అని మురిసిపోయి ఆరో జనరేషన్‌ది తెస్తే మొదటి రోజు నుంచే అది కాలం చెల్లినది. ఐ5-8250యూ లాంటి పేరులో గీత తర్వాతి 8 జనరేషన్‌ని చెబుతుంది.

వాడినదాన్ని షాపులో ఇలా చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయమనండి. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో డెబ్బై శాతం కూడా లేకపోతే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటా ఒకసారి కొట్టండి. మూతని రెండు మూడుసార్లు తెరిచి మూసి, బందుల దగ్గర కిర్రుమంటుందేమో వినండి. తర్వాత మీ ఎదుటే విండోస్‌ని రీసెట్ చేసి, నెట్‌కి కలిపి, మళ్లీ మొదలుపెట్టించండి. అప్పుడు ఏదో కంపెనీ పేరు చూపించి వాళ్ల ఈమెయిల్‌తో లాగిన్ అవ్వమంటే, ఆ మెషీన్ ఇంకా ఆ కంపెనీ తాళంలో ఉన్నట్టే. ఎంత చౌకైనా లేచి వచ్చేయండి. విండోస్ కంటే ముందు నడిచే బయోస్ పాస్‌వర్డ్ అడిగినా అంతే.

5. షాపులో

విశాఖలో కంప్యూటర్ షాపుల బేరం అంటే ద్వారకానగర్, డాబాగార్డెన్స్ చుట్టుపక్కలే. ముందు ఆన్‌లైన్‌లో మోడల్ పేరు, చివరి అక్షరాలతో సహా కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఒకే పేరుతో ఉన్న మోడల్‌లో ఒకటి 8 జీబీ, ఒకటి 16, ఒకటి విండోస్‌తో, ఒకటి "డాస్"తో రావచ్చు. డాస్ అంటే విండోస్ లేనిది. రెండు మూడు వేలు తక్కువ అని అది తీసుకుని, దొంగ విండోస్ వేయించుకుంటే ఆ తర్వాత వైరస్‌లతో పడే పాట్లు మీవే.

మూడు షాపుల్లో అడగండి. చివరి రేటు చెప్పాక బ్యాగు, మౌస్ ఉచితం అంటారు. బ్యాగు మీ దగ్గర ఉండే ఉంటుంది, దాని బదులు ఆ వీజీఏ కన్వర్టర్ ఇమ్మనండి. ఒప్పుకుంటారు. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం, చెప్పిన రేటు అది కలిపా, విడిగానా అన్నది ముందే తేల్చుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే వద్దనండి, వారంటీకి బిల్లే ఆధారం. బిల్లు మీద సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు ఒకటేనా చూసి, కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి వారంటీ ఎప్పటి నుంచి మొదలైందో ఫోన్‌లో అక్కడికక్కడే చూడండి. ఆరు నెలల క్రితమే మొదలైందంటే అది షోకేసులో ఆడినది. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, బ్యాంకు వడ్డీ మీద జీఎస్టీ పడుతుంటాయి. ఆ అంకె కూడా అడిగి రాయించుకోండి.

6. మొదటి సాయంత్రం

ఇక్కడ మా ఇంట్లో జరిగింది చెప్పాలి. మా చెల్లెలి ల్యాప్‌టాప్‌ని షాపు కుర్రాడే "సెటప్ చేసిస్తాను అక్కా" అని తెరిచి, ఏదో మైక్రోసాఫ్ట్ అకౌంట్ సృష్టించి ఇచ్చాడు. ఏ మెయిల్‌తో చేశాడో ఇద్దరూ మర్చిపోయారు. ఎనిమిది నెలల తర్వాత ఒక అప్‌డేట్ మధ్యలో నీలిరంగు తెర వచ్చి రికవరీ కీ అడిగింది. విండోస్ 11 ఉన్న చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు దానంతటదే తాళం వేసుకుంటుంది, ఆ తాళంచెవి సెటప్ చేసిన అకౌంట్‌లో ఉంటుంది. అకౌంటే తెలియకపోతే చెవి ఎక్కడిది? ఫార్మాట్ కొట్టాల్సి వచ్చింది. ముప్పై లెసన్ ప్లాన్లు పోయాయి.

అందుకని సీలు మీరే తీయండి, మీ మెయిల్‌తో మీరే సెటప్ చేసుకోండి. పూర్తయ్యాక మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో డివైసెస్ కింద రికవరీ కీ చూసి, ఆ 48 అంకెలూ డైరీలో రాసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌తో ఆఫీస్ వస్తే దాన్ని కూడా ఆ రాత్రే మీ అకౌంట్‌లో యాక్టివేట్ చేయండి, ఆ ఆఫర్‌కి గడువు ఉంటుంది. రాకపోతే లిబ్రే ఆఫీస్ ఉచితం. "ఎస్ మోడ్" అని కనిపిస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లు తప్ప మరేవీ ఎక్కవు. సెట్టింగ్స్‌లో ఉచితంగా దాన్నుంచి బయటికి రావచ్చు, తిరిగి వెళ్లడం కుదరదు.

7. తెలుగు

ట్రైనీలు ఎక్కువ బాధపడేది ఇక్కడే, ఎవరూ ముందు చెప్పనిదీ ఇదే.

డీటీపీ షాపుల్లో అను స్క్రిప్ట్‌తో టైపు చేస్తారు. అందులో కనిపించేది తెలుగే, లోపల దాగినవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు. ఆ ఫాంటు లేని ల్యాప్‌టాప్‌లో ఫైలు తెరిస్తే గజిబిజి గుర్తులు కనబడతాయి. చాలా పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌ల నుంచి పేరా కాపీ చేసి వర్డ్‌లో పెట్టినా ఇదే గొడవ. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ తనదంటూ ఒక నంబరు ఉంటుంది. ఫోన్‌లో టైపు చేసింది ల్యాప్‌టాప్‌లో, మీది మీ మాస్టారి కంప్యూటర్‌లో ఒకేలా కనిపిస్తుంది. కాబట్టి డీటీపీ షాపులో ఏదైనా చేయించినా "యూనికోడ్‌లో ఇవ్వండి" అనండి. ఇవ్వలేమంటే మీరే టైపు చేసుకోవడం మంచిది, తర్వాత ఒక్క ముక్క మార్చాలన్నా మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు చేర్చండి. మామూలుగా వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. తెలుగు లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో ఫొనెటిక్ కూడా చేర్చుకోవచ్చు, అందులో ఇంగ్లిష్ స్పెల్లింగ్ కొడితే తెలుగు వస్తుంది. భాష మార్చడానికి విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కడమే.

ఏది నేర్చుకోవాలి? ఈ వారం రికార్డు ఇవ్వాలంటే ఫొనెటిక్. ముప్పై ఏళ్లు టీచర్‌గా ఉండబోతుంటే ఇన్‌స్క్రిప్ట్. దీని తర్కం అందమైనది: గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి ఎక్కువగా వస్తాయి. డీ మీద పొల్లు ఉంటుంది, షిఫ్ట్‌తో అదే మీట అ. సీ మీద మ. అమ్మ అనాలంటే షిఫ్ట్+డీ, సీ, డీ, సీ. వర్ణమాల ఎలా పలుకుతామో వేళ్లు అలాగే కదులుతాయి. మన భాషలన్నిటికీ అమరిక ఒకటే కనుక హిందీ మెథడ్ వాళ్లు ఒక్కసారి నేర్చుకుంటే రెండు భాషలు వచ్చినట్టే. రోజుకి అరగంట చొప్పున మూడు వారాలు కష్టపడితే చాలు. నాకు నెల పట్టింది, వయసు పైబడ్డాక నేర్చుకున్నాను మరి.

ఫాంటుగా విండోస్‌లో ఉండే నిర్మల, గౌతమి సరిపోతాయి. శీర్షికలకి గూగుల్ ఫాంట్స్ నుంచి రామభద్ర, మండలి ఉచితంగా తెచ్చుకోవచ్చు. గిడుగు పేరుతోనూ ఒక ఫాంటు ఉంది. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన ఆయన పర్లాకిమిడిలో పంతులుగానే పనిచేశారు, మన రికార్డు అట్ట మీద ఆ ఫాంటు పెట్టుకుంటే నాకెందుకో ముచ్చటేస్తుంది.

వర్డ్‌లో రెండు చిక్కులు. లైన్ స్పేసింగ్ "ఎగ్జాక్ట్‌లీ" అని పెడితే కింద ఒత్తులు, పైన గుడులు తెగిపోతాయి, "మల్టిపుల్" పెట్టి 1.15 ఇవ్వండి. రెండోది, ల్యాప్‌టాప్ అని రాస్తే ప కింద ట ఒత్తు పడిపోతుంది. పొల్లు తర్వాత 200సీ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఆ నాలుగింటినీ సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎక్స్ నొక్కితే కనబడని విడదీత గుర్తు పడుతుంది, ఆ తర్వాత ట కొట్టండి. ఇంగ్లిష్ మాటలు తెలుగులో రాసే ప్రతివాళ్లకీ ఇది కావాలి. మ్యాథ్స్ వాళ్లకి ఇంకో చిట్కా: వర్డ్‌లో ఆల్ట్, ఈజ్ ఈక్వల్ టు కలిపి నొక్కితే సమీకరణాల డబ్బా తెరుచుకుంటుంది, భిన్నాలు, వర్గమూలాలు పుస్తకంలో ఉన్నట్టే వస్తాయి.

ఎవరికి పంపినా, ఎక్కడ ప్రింటు తీసినా పీడీఎఫ్‌గా మార్చి ఇవ్వండి. అప్పుడు ఫాంటు ఫైలులోనే ఉంటుంది, అక్షరాలు చెదరవు.

8. పెన్‌డ్రైవ్ జాగ్రత్త

జిరాక్స్ షాపులో పెట్టిన పెన్‌డ్రైవ్ ఇంటికొచ్చాక అందులోని ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోవడం ట్రైనీలందరికీ అనుభవమే. ఫైళ్లు ఎక్కడికీ పోవు, వైరస్ వాటిని దాచి నకిలీ గుర్తులు పెడుతుంది. వాటి మీద డబుల్ క్లిక్ చేస్తే మీ ల్యాప్‌టాప్‌కీ అంటుకుంటుంది. ప్రింటుకి ఒక చిన్న పెన్‌డ్రైవ్ విడిగా పెట్టుకుని, అందులో ఆ రోజు పీడీఎఫ్ తప్ప ఇంకేమీ ఉంచకండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌తో స్కాన్ చేశాకే తెరవండి. వేరే యాంటీవైరస్ కొనమని షాపులో ఒత్తిడి చేస్తారు, దాని అవసరం నాకు కనిపించలేదు.

9. క్లాసులో

మన ప్రభుత్వ పాఠశాలల్లో చాలాచోట్ల ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు (వేలితో నడిపే పెద్ద తెరలు) వచ్చాయి. మీకిచ్చిన స్కూల్లో ఉంటే ముందు రోజే హెచ్‌ఎం గారిని అడిగి ఒకసారి కలిపి చూసుకోండి. ప్యానెల్‌కి ఒక్క హెచ్‌డీఎంఐ పెడితే బొమ్మ వస్తుంది గానీ, ప్యానెల్ మీద వేలు పెట్టి ల్యాప్‌టాప్‌ని నడపాలంటే వెనకాల టచ్ అని రాసి ఉన్న యూఎస్‌బీ తీగ కూడా కలపాలి. ల్యాప్‌టాప్ లేకుండా పెన్‌డ్రైవ్ నుంచి ప్యానెల్ మీదే పీపీటీ తెరిస్తే, చాలా ప్యానెళ్లు ఆండ్రాయిడ్ మీద నడుస్తాయి కాబట్టి మీ ఫాంట్లు మారిపోతాయి. పీడీఎఫ్ కూడా పెట్టుకెళ్లండి.

తెర మీద ఏమీ రాకపోతే విండోస్ మీట, పీ కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. పిల్లల ముందు వాట్సాప్ మెసేజ్‌లు తేలకుండా నోటిఫికేషన్లు ఆపండి. అబ్జర్వర్ గారి ముందు ఒకబ్బాయికి "బంగారం, తిన్నావా" అని తేలింది, పీరియడ్ అంతా పిల్లలు నవ్వుతూనే ఉన్నారు.

స్లైడ్‌లో తెలుగు అక్షరం 32 సైజుకి తగ్గనివ్వకండి, ఒత్తులు చివరి బెంచీకి కనబడాలి కదా. ల్యాప్‌టాప్ స్పీకరు నలభైమంది ఉన్న గదిలో ఫ్యాను చప్పుడుకే ఓడిపోతుంది, చిన్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి మీ బ్యాచ్ అంతా చందా వేసుకుని కొనండి. వీడియోలు, ఫెట్ సిమ్యులేషన్లు ముందే దింపుకుని వెళ్లండి. పాడేరు, అరకు వైపు పోస్టింగ్ పడ్డవాళ్లకి ఇది సలహా కాదు, నియమం. టెక్స్ట్‌బుక్‌లోని క్యూఆర్ కోడ్‌ల దీక్షా పాఠాలు కూడా ఫోన్ యాప్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

మైక్రో టీచింగ్ (కొన్ని నిమిషాల అభ్యాస పాఠం) వీడియో తీయడానికి ల్యాప్‌టాప్ కెమెరా వాడకండి. ఫోన్ కెమెరా ఎంతో మేలు. తీసినదాన్ని ల్యాప్‌టాప్‌లో కత్తిరించుకుంటే చాలు.

10. సముద్రం పక్కన

హైదరాబాద్ వాళ్ల సలహాల్లో ఇది ఉండదు. ఎంవీపీ, పెదవాల్తేరు, భీమిలి లాంటి చోట్ల ఉప్పుగాలి పోర్టుల్ని తినేస్తుంది. కిటికీ పక్క బల్ల మీద తెరిచి వదిలేయకండి. వాడనప్పుడు బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి ఉంచండి. సెలవుల్లో కూడా రెండు మూడు రోజులకోసారి గంట నడపండి, ఆ వేడికి లోపలి చెమ్మ ఆరుతుంది. ఏసీ గదిలో చల్లబడిన ల్యాప్‌టాప్‌ని మే నెల ఉక్కపోతలోకి తెచ్చి వెంటనే ఆన్ చేస్తే లోపల చెమ్మ పట్టొచ్చు, బయటి వేడికి అలవాటయ్యేదాకా బ్యాగులోనే ఉంచి తీయండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు, ఫోన్ రెండూ లేవు. తుపాను హెచ్చరిక వినగానే నేను చేసేది ఒకటే: ల్యాప్‌టాప్ నిండా చార్జ్ పెట్టి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్‌ని జిప్‌లాక్ కవర్‌లో వేసి ల్యాప్‌టాప్‌కి దూరంగా ఇంకో బీరువాలో పెడతాను. మామూలు రోజుల్లో గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ లెసన్ ప్లాన్లకి చాలా ఎక్కువ. వీడియోలు దాంట్లో పెట్టకండి, అవే నింపేస్తాయి. ఫైలు పేరు ఫైనల్, ఫైనల్2, లాస్ట్‌ఫైనల్ అని కాకుండా తేదీ, తరగతి, పాఠం పెట్టండి. పదహారో వారంలో రికార్డు సర్దుకునేటప్పుడు ఒక్క రాత్రి నిద్ర మిగులుతుంది.

ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే ముందు రాత్రి బ్యాగులో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి: చార్జరు, కన్వర్టర్, మీదే అయిన ఒక హెచ్‌డీఎంఐ తీగ, మౌస్, పెన్‌డ్రైవ్, ఐదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్స్. స్కూళ్లలో ప్లగ్ పాయింటు ఎప్పుడూ బోర్డుకి అవతలి మూలన ఉంటుంది, ఉన్నా వదులుగా ఉంటుంది. రెండు అట్టముక్కలు కూడా పెట్టుకోండి, ప్లగ్గు కింద దోపడానికి.